పూతలపట్టు తనిఖీ

ఆ బుధవారం ధనశేఖర్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. చిత్తూరులో ఎనిమిది గంటల బస్సెక్కి, పూతలపట్టులో దిగి, అక్కడ జరుగుతున్న టీవీ సీరియల్ షూటింగును కళ్లారా చూసి, మధ్యాహ్నానికల్లా ఆఫీసులో రిపోర్టు ఇచ్చేయడం. సీరియల్ తీసే కంపెనీ ప్రభుత్వ సబ్సిడీకి దరఖాస్తు పెట్టుకుంది. జనం కట్టిన పన్నులోంచి ఇచ్చే సాయం గనక, దానివల్ల ఆ ఊరి జనానికి మేలు జరుగుతోందో లేదో తేల్చి రమ్మని పై అధికారి ప్రసన్నకుమారి మేడం అతన్ని పంపారు. కిందటేడు చూడకుండానే ఒక రిపోర్టు మీద సంతకం పెట్టి అతను మెమో తిన్నాడు. ఇంకోటి పడితే ప్రమోషన్ సంగతి మరిచిపోవచ్చు. అందుకే బస్సులో కుదురుగా కూర్చోలేకపోయాడు. ఫైలు తెరిచి మూసి, మూసి తెరిచి, పక్కాయన నిద్ర పాడుచేశాడు.

కూడలిలో దిగి ఊళ్లోకి తిరిగితే రోడ్డుకు అడ్డంగా తాడు కట్టి ఉంది. తాడుకు ఇవతల వసంతమ్మ అనే ఆవిడ పాలక్యాన్లతో నిలబడి ఉంది. షూటింగు ముగిసేదాకా ఎవర్నీ పోనివ్వరట, మూడు రోజులుగా ఇదే వరసట. వీళ్లు ప్రభుత్వ సాయం అడుగుతున్నారని చెప్పి, ఊళ్లోవాళ్లకు పనులేమైనా ఇచ్చారా అని ధనశేఖర్ అడిగాడు.

"టీ కాసేవాళ్ల కాడ్నించి అందురూ బయటోళ్లేనప్పా. సబ్బు కొన్నా మేం పన్ను కడతా ఉండామే, ఆ దుడ్డుతోనే మా దోవ మూసేసినారు. పాలు ఇరిగిపోతా ఉండాయి," అంది వసంతమ్మ.

ఆ మాటను అతను అక్షరం పొల్లుపోకుండా రాసుకుంటుండగా కోమలి అనే అసిస్టెంటు డైరెక్టరు పరుగున వచ్చింది. ఫైలూ కళ్లజోడూ చూసి, "ఆఫీసరే గదా సార్? మీకోసరమే ఎదురు చూస్తా ఉండాం," అని తాడు ఎత్తి లోపలికి తీసుకుపోయింది. చెప్పకుండా వచ్చినా ఇంత మర్యాదా అని ధనశేఖర్ ఆశ్చర్యపోయాడు.

ఒకడొచ్చి అతని ముఖాన చెమట తుడిచి పౌడరు అద్దాడు. ఇంకొకడు కెమెరా ఇటు తిప్పాడు. ఈ రోజుల్లో తనిఖీలన్నీ వీడియో తీస్తున్నారు గనక ధనశేఖర్ ఏమీ అనలేదు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ ఎదురొచ్చి చేతులు జోడించింది. తమ కంపెనీ ప్రభుత్వ సాయానికి తగునో తగదో నోటితోనే చెప్పమంది. ఓనరు ఇంత సూటిగా అడుగుతుందని అతను అనుకోలేదు. గొంతు సవరించుకున్నాడు.

"తగదమ్మా. మీ వల్ల ఈ ఊరికి ఒరిగిందేమీ లేదు. జనం దుడ్డు అడగతా జనం దోవకే తాడు కట్టినారు. సాయం ఇయ్యొద్దని రాస్తాను," అన్నాడు వేలెత్తి.

ఆమె కళ్లలోంచి బొటబొటా నీళ్లు కారాయి. ధనశేఖర్ మనసు చివుక్కుమంది. అంతలో చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. రాసిచ్చిన డైలాగు చెప్పకపోయినా ముఖంలో భావం బాగా పలికిందని, మాటలు తర్వాత డబ్బింగులో వేస్తారని మెచ్చుకుంటూ కోమలి ఒక కాగితం చాపింది.

"ఈడ సంతకం పెట్టండి ఏకాంబరం గారూ."

తాను ఏకాంబరం కాదని ధనశేఖర్ చెప్పడానికి, అది ఆ అమ్మాయి నమ్మడానికి పావుగంట పట్టింది. ఏడ్చినావిడ హీరోయిను. సీరియల్లో ఆమెకో పచ్చళ్ల కంపెనీ ఉంది. దాన్ని తనిఖీ చేసే ఆఫీసరు వేషానికి తిరుపతి నుంచి రావలసిన నటుడు ఏకాంబరం. తీసిన షాటు బాగా వచ్చింది గనక మళ్లీ తీయరట.

ఏకాంబరం వచ్చే ఉన్నాడు. ఆఫీసరు వేషంలో, చేతిలో ఫైలుతో వెనక గేటులోంచి వచ్చిన అతన్ని ప్రొడక్షన్ మేనేజరు గంగాధరం ప్రభుత్వం పంపిన మనిషే అనుకొని, లోపల ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. ధనశేఖర్ పరుగెత్తుకెళ్లేసరికి ఏకాంబరం మూడో వడ ముగిస్తున్నాడు. ఏమైనా సంతకం పెట్టారా అని అడిగితే తాపీగా తలూపాడు.

"పెట్టినాను సార్. షూటింగులో ఏ కాగితమిచ్చినా చదవకుండా పెట్టేది మాకు అలవాటే. మేలు జరిగిందా అని అడిగినారు. మూడు నెలలకు ఈపొద్దు పని దొరికింది, మేలే గదా అన్నాను. అదే రాసుకున్నారు."

గంగాధరం ఆ కాగితాన్నే తనిఖీ రిపోర్టుగా అప్పటికే ఫోన్లో ఆఫీసుకు పంపేశాడు. మరో నిమిషంలో మేడం ఫోన్ చేసి ధనశేఖర్‌ను అభినందించారు. ఇన్నేళ్లలో అతను ఇంత పొట్టిగా, ఇంత తేటగా రాయడం ఇదే మొదటిసారట.

ఆ మెచ్చుకోలుతో ఊరుకుంటే పోయేది. కానీ తిరిగి వస్తుంటే వసంతమ్మ విరిగిన పాలను కాలవలో పారబోస్తూ కనిపించింది. ధనశేఖర్ నేరుగా ఆఫీసుకు వెళ్లి, ఆ సంతకం తనది కాదని, ఊరికి ఏ మేలూ జరగలేదని వేరే రిపోర్టు రాసిచ్చాడు. మేడం రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూశారు. తన బదులు ఇంకెవరినో పంపాడేమో, అతను అసలు ఊరికి వెళ్లాడా అన్నది ఇప్పుడు ఆమె అనుమానం. వెళ్లానని, సాయం ఇవ్వొద్దని అందరి ముందూ చెప్పానని, దానికి కెమెరాయే సాక్ష్యమని ధనశేఖర్ మొత్తుకున్నాడు. అయితే ఆ భాగం టీవీలో వచ్చాకే తేలుద్దామన్నారు మేడం. ఈలోగా మెమో టైపు చేసి ఉంచమని పురమాయించారు.

పది రోజులు అతనికి తిండి సయించలేదు. పదకొండో రోజు భోజనాల వేళ ఆఫీసంతా టీవీ ముందు చేరింది. తెర మీద ధనశేఖర్ కనిపించగానే అటెండరు ఎల్లప్ప ఈల వేయబోయి, మేడంను చూసి ఆగాడు. తెర మీది ధనశేఖర్ గొంతు సవరించుకున్నాడు, వేలెత్తాడు, నోరు తెరిచాడు. అందులోంచి ఏకాంబరం గొంతు కంచులా మోగింది.

"తగునమ్మా. మీ కంపెనీ వల్ల ఈ ఊరికి జరిగిన మేలు ఇంతా అంతా కాదు. ప్రభుత్వ సాయం మీకు దక్కాల్సిందే."

హీరోయిను ఆనందంతో ఏడ్చింది. మేడం టీవీ ఆపించి, సబ్సిడీ ఫైలు దగ్గరకు లాక్కుని సంతకం చేసి, అప్పుడు ధనశేఖర్ వైపు తిరిగారు.

"సంతకం మీది కాదన్నారు. ఇప్పుడు గొంతు కూడా మీది కాదంటారా?"

ధనశేఖర్ ఆపేసిన టీవీ వైపు ఓసారి చూశాడు.

"చొక్కా మాత్రం నాదే మేడం," అన్నాడు.