ఏ రోగమూ లేని చెన్నయ్య పట్నం ప్రయాణం

వేరుశనగ కాయ ఇల్లు చేరిన మర్నాడు పొద్దున్నే, అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతూ చెన్నయ్య ఒక పెద్ద నిర్ణయం తీసుకున్నాడు. వచ్చే సోమవారం భార్యను వెంటబెట్టుకుని పట్నం చూసి రావాలి. ఆ ఊళ్ళో పట్నమంటే హైదరాబాదు ఒక్కటే. ఎడ్లబండిలో గద్వాల దాకా పోయి రైలెక్కితే, కృష్ణ దాటి, సాయంత్రానికి మూసీ ఒడ్డున ఉండొచ్చు. మూడు వందల ఏళ్ళకు పైగా నవాబులు ఏలిన రాజధాని, గద్వాలలో రైలెక్కితే ఒక్క పూట ప్రయాణం. అయినా ముప్పై అయిదేళ్ళు దాటిన తను ఇంతవరకు దాని మొహం చూడలేదంటే చెన్నయ్యకే సిగ్గనిపించింది.

దీనికి తోడు పాత మాట ఒకటి ఉంది. పెళ్ళయిన కొత్తలో బాలనాగమ్మ, "చార్మినారంటే గుడా, కోటనా?" అని అడిగింది. చెన్నయ్యకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి కొత్త పెళ్ళికొడుక్కి మనసొప్పలేదు. "తీస్కపోయి చూపిస్తలే" అనేశాడు. తర్వాత ఒక ఏడు కరువు, ఒక ఏడు కానుపు, ఒక ఏడు ఎద్దు చచ్చిపోవడం. ఈసారి మాత్రం వానలు కలిసొచ్చాయి. చార్మినారు ముందు మీసం మెలేసి నిలబడి, ఆలుమగలిద్దరూ ఒక ఫోటో కూడా దిగాలని అతని ఆశ. ఆ మీసం సామాన్యమైంది కాదు. దౌరా మీద ఊళ్ళ లెక్కలు చూడ్డానికి వచ్చిన రెవెన్యూ గిర్దావరు కూడా దాన్ని చూసి ఒక మెట్టు దిగి మాట్లాడేవాడు.

"సోమారం పట్నం పోదాం" అన్నాడు ఇంట్లోకి వచ్చి.

రొట్టె కొడుతున్న బాలనాగమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఎందుకు? ఏమైంది నీకు?"

"ఏం కాలే. ఉత్తగనే. చూసొద్దాం. పిల్లల కాడ ఉండనీకె మా అక్కకు కబురు పంపుత."

ఆమె అతన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది. రొట్టె మీద ఇంకో గరిటెడు నెయ్యి వేసింది. భార్య సంతోషపడిందనుకుని చెన్నయ్య లొట్టలేసుకుంటూ తిన్నాడు.

పాపం, అతను మరిచిపోయిన సంగతి ఒకటుంది. ఆ ఊరివాళ్ళు పట్నం పోవాలంటే రెండే కారణాలు. భూమి తగాదా ముదిరితే అదాలతుకు పోతారు, రోగం ముదిరితే దవాఖానకు పోతారు. ఊరికే చూడ్డానికి పోవడమనేది అక్కడ ఇంకా ఎవరికీ తట్టలేదు. చెన్నయ్యకు తగాదాలు లేవని అందరికీ తెలుసు. ఇక మిగిలిందేమిటి? బాలనాగమ్మ చిన్నప్పుడు ఆమె తండ్రి కూడా "ఏం కాలే బిడ్డా, రెండు దినాలల్ల వస్త, వచ్చి చార్మినార్ ముచ్చట చెప్త" అని మూసీ ఒడ్డు దవాఖానకు పోయాడు. మళ్ళీ రాలేదు.

ఇవేమీ ఆలోచించకుండా చెన్నయ్య నేరుగా దర్జీ అబ్దుల్ రహమాను దుకాణానికి నడిచాడు. రహమాను చిన్ననాటి దోస్తు. అతని బావమరిది కాపురం పట్నంలోనే కాబట్టి ఏడాదికోసారి పోయొస్తుంటాడు, ఈసారి చెన్నయ్యను వెంట తీసుకుపోతానన్నదీ అతనే. అప్పుడు పక్కింటి బాలన్న అంగీ కొలతల కోసం చేతులు చాపుకుని నిలబడి ఉన్నాడు.

"సోమారం ఖాయం, రహమాన్ భాయ్. మీ బావమరిది ఇల్లు దవాఖాన దగ్గరనే గదా?"

"ఎదురుంగనే. కిటికీ తెరిస్తె దవాఖాన దర్వాజ కనబడ్తది."

"గదే మంచిది. తప్పిపోయినా ఎవర్నడిగినా తొవ్వ చెప్తరు. నాకు జర ఒక తెల్లంగి కుట్టు, పోయేలోపల కావాలె." తెల్లంగి ఫోటో కోసం. ఆ మాట మాత్రం అతను పైకి అనలేదు.

బాలన్న చాపిన చేతులు చాపినట్టే ఉంచి గొంతు తగ్గించాడు. "అన్నా, బండి దిగినంక నడవగల్గుతవా?"

"నడుచుడెందుకు? జట్కా మాట్లాడుకుంట."

బాలన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొలతలు సగంలోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

సాయంత్రానికి చెన్నయ్య ఇంటి ముందు జనం పోగయ్యారు. ఒకరు కోడిగుడ్లు తెచ్చారు, ఒకరు పాత బెల్లం తెచ్చారు. గద్వాల బేకరీ నుంచి డబల్ రొట్టె కూడా వచ్చింది. ఆ రోజుల్లో డబల్ రొట్టె ఇంటికొచ్చిందంటే లోపల మంచం పట్టినవాళ్ళు ఉన్నారని అర్థం. ఒక ముసలాయన నాడి పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకున్నాడు.

"నాకేం లేదు తాతా, చార్మినార్ చూడనీకె పోతున్న" అన్నాడు చెన్నయ్య.

"గట్లనే అనాలె బిడ్డా. ధైర్నం ఇడవొద్దు" అన్నాడు ముసలాయన చెయ్యి నిమురుతూ.

మొదట్లో రహమాను ఈ తంతు చూసి కడుపుబ్బ నవ్వాడు. కానీ ఊరంతా ఒకే మాట మీద ఉంటే ఒక్కడు ఎంతసేపని నవ్వుతాడు? "నీకు గూడ దాస్తుండేమో" అని బాలన్న చెవిలో వేశాక అతనికీ అనుమానం మొదలైంది. ఈ మనిషి ఎన్నడూ లేనిది తెల్లంగి ఎందుకు కుట్టించుకుంటున్నట్టు?

మర్నాడు రాజోలి నుంచి అక్క ఎంకమ్మ దిగింది. బండి ఇంకా ఆగకముందే దూకి, తమ్ముణ్ణి వాటేసుకుని ఏడుపు అందుకుంది. "ఎంత చిక్కిపోయినవురా తమ్మీ! మొగంల రగతం సుక్క లేదు!"

నిజమే, వేరుశనగ పనుల్లో నెల రోజులు ఎండలో మాడితే ఎవడైనా చిక్కుతాడు. చెన్నయ్యకు ఓపిక నశించింది. పంచె ఎగ్గట్టి, వాకిట్లో ఉన్న వేరుశనగ బస్తాను ఎత్తి భుజాన వేసుకుని ఇంటి చుట్టూ తిరిగొచ్చి, ధబేలుమని దించాడు. "చూసిండ్రా? రోగమున్నోడు గిట్ల మోస్తడా?"

జనం నోళ్ళు తెరిచారు. ఒక్క ఎంకమ్మ మాత్రం రెండు చేతులూ ఆకాశానికెత్తి దండం పెట్టింది. "అలంపూరు తల్లీ, జోగులాంబమ్మా! నా మొర ఇన్నవు! నా తమ్మునికి నయం చేస్తివి!"

దారిలో బండిలో వస్తూనే ఆమె మొక్కుకుందట. తమ్ముడికి నయమైతే అలంపూరులో అతని తల వెంట్రుకలూ మీసమూ సమర్పిస్తానని. అది వినగానే బాలన్న ముందుకొచ్చి తన మొక్కు బయటపెట్టాడు. ఊరి ఆంజనేయుడి గుడి చుట్టూ చెన్నయ్య చేత పొర్లుదండాలు పెట్టిస్తానన్నాడట. రహమాను మెడ గోక్కుంటూ, దర్గాలో మలీద పంచిపెడతానని తనూ అనుకున్నానని, దానికి కావలసిన నెయ్యి, బెల్లం చెన్నయ్య ఇంట్లో ఉన్నాయి కదా అని నసిగాడు. మొక్కినవాళ్ళంతా వేరు, తీర్చవలసినవాడు మాత్రం ఒక్కడే.

"అరే, నాకు రోగమే లేకుండె! ఇంక నయమయ్యేది ఏముంది?"

"లేదు గదా? గదే నయమైనట్టు" అన్నాడు బాలన్న.

చెన్నయ్యకు తల ప్రాణం తోకకొచ్చింది. బస్తా ఎత్తకుండా మంచం మీద పడుకున్నా బాగుండేదనిపించింది. బాగున్నానని ఎంత గట్టిగా చూపిస్తే మొక్కు అంత గట్టిగా ఫలించినట్టు లెక్క. పైగా మొక్కు నెత్తిన పెట్టుకుని కృష్ణ దాటితే ఊరుకునేది లేదని ఎంకమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుంది. పట్నం పోవాలంటే ముందు అందరి దేవుళ్ళనూ వదిలించుకోవాలి. చేసేది లేక ఆ వారమంతా అదే పని పెట్టుకున్నాడు. దర్గాలో మలీద పంచాడు. గుడి చుట్టూ పొర్లాడు. అలంపూరులో తుంగభద్ర ఒడ్డున మంగలి ముందు తల వంచాడు. నున్నటి పై పెదవిని తడుముకున్నప్పుడు మాత్రం, గిర్దావరు గుర్తొచ్చి, అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

అక్కడితోనైనా ఆగిందా అంటే లేదు. తల గొరిగించి మీసం తీయించుకున్న మనిషి రోడ్డు మీద కనిపిస్తే తల్లో తండ్రో పోయారనుకోవడం లోకం తీరు. తిరుగు దారిలో తెలిసినవాళ్ళు ఎదురొచ్చి "ఎప్పుడు పోయిండ్రు? కబురన్న చెయ్యకపోతివి" అని నిష్ఠూరాలాడారు. తల్లిదండ్రులు పోయి చాలా ఏళ్ళయిందని చెప్తే, "దుక్కం ఇంకా తగ్గలే పాపం" అని జాలిపడ్డారు.

ఆదివారం సాయంత్రం ఇల్లు చేరేసరికి అతని ఒళ్ళు హూనమైంది. అయితేనేం, అన్నీ తీరిపోయాయి. తెల్లారితే రైలు. ఆ సంబరంతో వంటింట్లోకి తొంగిచూస్తే బాలనాగమ్మ మోకాళ్ళ మీద తల పెట్టుకుని కూర్చుని ఉంది.

"మూట కట్టలేదేంది?"

ఆమె తలెత్తలేదు. "నేను గూడ మొక్కిన."

చెన్నయ్య చెయ్యి నున్నటి గుండు మీదికి పోయింది. తడుముకుంటే తన ఒంటి మీద ఇవ్వడానికి ఇంకేమీ మిగిలినట్టు లేదు. "ఏమని?"

"నువ్వు పట్నం అన్ననాడే. నా పెనిమిటికి ఏ రోగం లేకుంటె సాలు తల్లీ, మేం ఎన్నటికి ఆ పట్నం దిక్కు పోము, కిష్ణ దాటమని."

చెన్నయ్య అక్కడే కూలబడ్డాడు. "అంటె రోగముంటె పోవచ్చు, లేకుంటె పోవద్దు?"

"గంతే." ఆమె వెక్కివెక్కి ఏడ్చింది. "మా నాయిన గూడ ఏం కాలే అనే పోయిండు. నువ్వు గట్లనే అంటివి. నాకు ఇన్ని దినాలు కంటికి నిద్ర లేదు."

అప్పటిదాకా చెన్నయ్యకు ఊరి మీద కోపముండింది. ఆ మాటతో అదంతా ఎటో పోయింది. వారం నుంచి రొట్టె మీద పడుతున్న నెయ్యి దేనికో ఇప్పుడర్థమైంది. పక్కనే ఇంత భయం ఉండగా తను ఫోటోల గురించి ఆలోచించినందుకు అతనికి తన మీద తనకే అసహ్యమేసింది. "పోనీలే, పట్నం పోకుంటె ఏమైతది? నువ్వు ఏడ్వకు" అన్నాడు. అన్నాక ప్రాణం తేలికపడింది కూడా. ఆమె కళ్ళు తుడుచుకుని చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నది.

తెల్లారింది. సాగనంపడానికి ఊరు ఊరంతా వచ్చింది. చూస్తే బండికి ఎద్దులు కట్టలేదు. చెన్నయ్య అరుగు మీద తీరిగ్గా కూర్చుని ఉన్నాడు.

"పోతలేం. ఇరమించుకున్నం" అన్నాడు నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. జనంలో గుసగుసలు బయల్దేరాయి. "దవాఖానకు పోయినా ఫాయిదా లేదేమో!" అని ఎవరో అన్నారు. ఇంకాసేపటికి అది "ఫాయిదా లేదన్నరంట" అయింది. ఎంకమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నేల మీద చతికిలబడింది. బాలన్న ముందుకు దూకి రెండు చేతులూ పైకెత్తాడు. "శ్రీశైలం మల్లన్నా! మా చెన్నన్న బతికితే మోకాళ్ళ మీద నీ కొండ..."

చెన్నయ్య ఒక్క గంతులో అరుగు దిగి బాలన్న నోరు మూసేశాడు.

"చాలు, బందు చెయ్యుండ్రి!"

ఆ అరుపు గడప మీద నుంచి వచ్చింది. బాలనాగమ్మ అంత గట్టిగా అరవగలదని పెళ్ళయిన ఇన్నేళ్ళలో చెన్నయ్యకే తెలియదు. "మా ఆయనకు ఏ రోగం లేదు! నిన్న నాలుగు రొట్టెలు తిన్నడు! రాత్రంత గురక పెట్టిండు! మేం ఉత్తగ చూడనీకె పోతున్నం. చూసి మల్ల వస్తం!"

వారం రోజులుగా చెన్నయ్య గొంతు చించుకున్నది ఇదే మాట. ఆమె నోటి నుంచి వచ్చాక కూడా ఊరు నమ్మలేదు. కానీ పైకి అన్నాక ఆమె మాత్రం నమ్మింది. గబగబా లోపలికి పోయి పసుపు గుడ్డలో ఒక రూపాయి బిళ్ళ ముడివేసి దేవుడి గూట్లో పెట్టింది. "తల్లీ, భయంతోని మొక్కిన, తప్పైంది. వచ్చినంక నీ కాడికి వచ్చి ఒప్పుకుంట" అని లెంపలు వేసుకుంది. బయటికొచ్చి భర్తతో, "ఎద్దులు కట్టు. ఈడనే ఉంటె వీండ్లు నిన్ను బతకనియ్యరు" అంది.

రైలు కృష్ణ మీది వంతెన ఎక్కినప్పుడు బాలనాగమ్మ చెన్నయ్య చెయ్యి గట్టిగా పట్టుకుంది. వంతెన దాటాక కూడా వదల్లేదు. ఎదురుగా కూర్చున్న రహమాను కిటికీ బయట చెట్లు లెక్కపెడుతున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

ఆ రాత్రి రహమాను బావమరిది ఇంట్లో పడుకుని, మర్నాడు పొద్దున చార్మినారుకని జట్కా పిలిస్తే బాలనాగమ్మ ఎక్కలేదు. "ముందు అది చూపియ్యి" అని ఎదురుగా ఉన్న దవాఖానను చూపించింది. ముగ్గురూ రోడ్డు దాటారు. ఎత్తైన గుమ్మటాలు, తలెత్తి చూడాల్సిన కిటికీలు, వెనక మూసీ మీది నుంచి చల్లటి గాలి. ఆమె కొంగు తల మీద సర్దుకుని చాలాసేపు చూసింది.

"గింత పెద్ద మహల్ల పండుకున్నడా మా నాయిన? నేనింకా ఏదో చీకటి కొట్టంల ఒక్కడే పాణమిడిసిండనుకున్న, ఇన్నేండ్లు." ఆమె మొహం తేటపడింది. లోపలి నుంచి ఒక ముసలాయన కొడుకు భుజం పట్టుకుని, తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ బయటికొస్తున్నాడు. అతను జట్కా ఎక్కేదాకా చూసి, "పా, ఇగ ఏం చూపిస్తవో చూపియ్యి" అంది.

అంతా చూశారు. చార్మినారు ఎక్కారు, బజారులో గాజులు కొన్నారు, జంతువుల తోటలో పులిని చూశారు. తలకు రుమాలు చుట్టి, మీసం లేని మొహంతోనే చెన్నయ్య ఫోటో కూడా దిగాడు.

నిక్షేపంగా, నవ్వుకుంటూ తిరిగొచ్చిన ఆలుమగలను చూడ్డానికి ఊరంతా మళ్ళీ అరుగు ముందు చేరింది. "నిజం చెప్పు వదినా" అన్నాడు బాలన్న. "పట్నంల తెల్లారంగనే ముందుగాల యాడికి పోయిండ్రు?"

బాలనాగమ్మకు అబద్ధం ఆడే అలవాటు లేదు. "దవాఖానకు" అంది.

ఊరంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. ఉత్తగ చూడ్డానికే పోయారేమోనని అప్పటిదాకా అందరికీ లోపల ఒకటే దిగులుగా ఉండింది.