రాజారత్నం బూట్లు డ్యూటీలో ఉన్నాయి

ప్రభుత్వం ఫైళ్ల మీద నడుస్తుందని చాలామంది నమ్ముతారు. అది అపోహ. ప్రభుత్వం చెప్పుల మీద నడుస్తుంది. ఈ సత్యాన్ని మొట్టమొదట కనిపెట్టి ఆచరణలో పెట్టిన ఘనత రేపల్లెలోని కాలువగట్ల పర్యవేక్షణ ఉపకార్యాలయానిది. (ఆ కార్యాలయం వాళ్లెవరూ కాలువగట్ల మీదికి వెళ్లేవారు కాదు కాబట్టి, ఇలాంటివి కనిపెట్టడానికి తీరిక ఉండేది.)

1988 వేసవిలో ఆ కార్యాలయానికి కొత్తగా మొజాయిక్ గచ్చు వేశారు. గచ్చు మాసిపోకుండా సిబ్బంది అంతా చెప్పులు బయట విప్పి రావాలని ఆఫీసరు బసవేశ్వరరావు గారు ఉత్తర్వు ఇచ్చారు. వరండాలో చెక్క స్టాండు చేయించి, ఒక్కో అర మీద ఒక్కో ఉద్యోగి పేరు రాయించారు. సోమవారం నాడు ఎవరు ఏ జత పెడితే ఆ జత వారి పేరున ఖాయమవుతుందన్నారు. ఆ తరువాతే ఆయనకు అసలు ఆలోచన వచ్చింది. చెప్పులు ఉన్నాయంటే మనిషి ఉన్నట్టే కదా, ఇక లోపలికి వెళ్లి మొహాలు చూడటం దేనికి? ఆయన క్వార్టర్సు ఆఫీసు పక్కనే. పొద్దున్నే వేపపుల్లతో పళ్లు తోముకుంటూ గోడ మీదుగా స్టాండు వైపు చూస్తే హాజరు తీసుకోవడం పూర్తయ్యేది.

సరిగ్గా ఆ సోమవారానికి ముందు శనివారం, ఖర్మ కాలి, గుమాస్తా రాజారత్నం కొత్త బూట్లు కొనుక్కున్నాడు.

రాజారత్నం కాపురం తెనాలిలో. రోజూ రైల్లో రేపల్లె వచ్చి, స్టేషను నుంచి ఊరి చివరనున్న ఆఫీసుకు నడిచేవాడు. కొన్నేళ్లుగా అతనికి మడమ నొప్పి. ఆదివారం చర్చిలో పాటకు అందరూ లేచి నిలబడితే, ఇతను ముందు బెంచీ పట్టుకుని లేచేవాడు. హవాయి చెప్పులు మానేసి మడమ కింద మెత్తగా ఉండేవి వేసుకోమని, లేదంటే నడకే మానెయ్యమని డాక్టరు చెప్పాడు. నడక మానేస్తే ఉద్యోగం ఎట్లాగండి అని అడిగితే, అది తన వైద్యంలోకి రాదన్నాడు.

భార్య పుష్పలతను వెంటబెట్టుకుని తెనాలి బజారులో చెప్పుల కొట్టుకు వెళ్లాడు.

"ఆఫీసుకాండి, నడకకాండి?" అని అడిగాడు కొట్టాయన.

"ఆఫీసుకి నడిచి వెళ్లటానికండి."

కొట్టాయన ఆలోచనలో పడ్డాడు. "అట్టాంటివి తయారు చెయ్యట్లేదండి. ఆఫీసు బూట్లు వేసుకునేవాళ్లు జీపులో పోతారు. నడిచేవాళ్లకి హవాయి ఉంది. మీలాగా మధ్యలో ఉన్నవాళ్లు కంపెనీ వాళ్ల దృష్టికి వచ్చినట్టు లేదు."

పుష్పలత మాత్రం ఒక్కో బూటునూ సంతలో వంకాయలు నొక్కినట్టు మడమ దగ్గర నొక్కి చూసి, చివరికి బూడిదరంగు కాన్వాసు జత తీసింది. "ఇయ్యండి. నొక్కితే దిగుతున్నాయి."

"బడిపిల్లల బూట్లలా ఉన్నాయే. ఆఫీసులో నవ్వుతారు."

"నవ్వేవాళ్లు వచ్చి మీ మడమకి కాపడం పెడతారా ఏంటి? వేసుకోండి."

సోమవారం ఆ బూట్లతో స్టేషను నుంచి నడుస్తుంటే రాజారత్నానికి తనకు మడమలున్న సంగతే గుర్తు రాలేదు. అంత హాయి అతను ఉద్యోగంలో చేరాక ఎరగడు. దారిలో ఎందుకో నవ్వు కూడా వచ్చింది. అదే ఉత్సాహంతో బూట్లు విప్పి, దుమ్ము దులిపి, తన పేరున్న అరలో పెట్టాడు. అవి ఖాయమయ్యాయి.

ఉద్యోగంలో ఆరితేరిన మిగతా వాళ్లు అదే రోజు ఇంట్లో అటకల మీద ఉన్న సరుకు తెచ్చారు. హెడ్ క్లర్కు దశరథరామయ్య తన పెళ్లినాటి చెప్పులు పెట్టాడు. వాటిలో ఒకదానికి పట్టీ లేదు. అవి అక్కడే ఉండిపోయాయి, రాత్రీ పగలూ. అసలు చెప్పులు సంచిలో లోపలికి వచ్చి, బల్లల కింద కాళ్లకే ఉండేవి. (గచ్చు దీని గురించి ఫిర్యాదు చేయలేదు.)

ఫలితాలు వెంటనే కనిపించాయి. గాంధీ జయంతి నాడు జీపులో అటుగా పోతున్న ఒక పెద్ద అధికారి, నిండుగా ఉన్న స్టాండును చూసి, సెలవు రోజు కూడా పనిచేస్తున్నారని మెచ్చుకున్నాడు. టైపిస్టు ప్రకాశం రిటైరై పొన్నూరు వెళ్లిపోయాడు. చెప్పులు మరిచిపోయాడు. ఆయన సర్వీసులోనే కొనసాగాడు.

రాజారత్నానికి మాత్రం మొదటి నెలలోనే మెమో వచ్చింది.

"మీ పాదరక్షలు ఉదయం పళ్లు తోముకొను వేళలందును, రాత్రులందును, ఆదివారములందును విధులకు గైర్హాజరగుచున్నట్లు గమనించడమైనది. తోటి సిబ్బంది పాదరక్షలు ఇరవైనాలుగు గంటలూ సేవలో ఉండగా మీవి మాత్రమే ఇంటిదారి పట్టుటకు కారణమేమి? సంతృప్తికరమైన సంజాయిషీ ఇవ్వనిచో బాపట్ల డివిజన్ ఆఫీసులో మేడ మీది సెక్షనుకు బదిలీ చేయబడుదురు."

"బూట్లు ఇంటికి పోవటం ఏంటయ్యా, రత్నం?" అన్నాడు దశరథరామయ్య, మందలింపుగా.

"అవి నా కాళ్లకి ఉన్నాయండి."

"అదేనయ్యా నువ్వు చేసే పొరపాటు."

"పోనీ పాత హవాయిలు పెట్టి ఇవి తీసుకుంటానండి."

"ఖాయమైన జత మార్చాలంటే బాపట్ల నుంచి అనుమతి రావాలి. దరఖాస్తు పెట్టు. వచ్చిందాకా బూట్లు అరలో ఉండాలి. నీ మంచికే చెప్తున్నా, అక్కడ మెట్లు చాలా ఉన్నాయి."

రాజారత్నం మెట్ల గురించి ఆలోచించాడు. మర్నాడు పాత హవాయిలు సంచిలో తెచ్చుకుని, సాయంత్రం బూట్లను అరలో వదిలేసి, తెగి పిన్నీసు పెట్టిన ఆ హవాయిలతో స్టేషనుకు బయలుదేరాడు. రైలు తప్పిపోయింది. పొద్దుపోయి ఇంటికి చేరితే పుష్పలత ఉప్పు మూట వేడి చేసి మడమకు కాపడం పెట్టింది.

"ఏవండీ, కొన్నది నడవటానికి కదా?"

"అవి ఉద్యోగంలో చేరినయ్యే," అన్నాడు రాజారత్నం. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

తరువాత అతని సర్వీసు దివ్యంగా సాగింది. మెమోలు ఆగిపోయాయి. మడమ వాచింది. దరఖాస్తు బాపట్లలో పరిశీలనలో ఉంది.

సంక్రాంతి వెళ్లాక బాపట్ల నుంచి డివిజన్ పెద్దసారు తనిఖీకి వచ్చాడు. స్టాండు ముందు చాలాసేపు నిలబడి, బూడిదరంగు కాన్వాసు బూట్లను చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు. అడుగు అరగలేదు.

"ఇదండీ క్రమశిక్షణంటే. ఈయనెవరో ఊళ్లు తిరిగే మనిషి కాదు. సీటు వదిలి కదిలినట్టే లేడు."

"రాజారత్నం సార్. చాలా నెమ్మదస్తుడు," అన్నారు బసవేశ్వరరావు గారు.

అప్పుడే గేటు దగ్గర రాజారత్నం కనిపించాడు. స్టేషను నుంచి రావటానికి ఈ మధ్య అతనికి చాలాసేపు పడుతోంది. ఒక చేత్తో గోడ పట్టుకుని, కుంటుకుంటూ మెట్టెక్కాడు.

"ఎవరు కావాలి?" అన్నాడు పెద్దసారు.

"నేనేనండి, రాజారత్నాన్నండి."

పెద్దసారు అతని కాళ్లకేసి చూశాడు. పిన్నీసు పెట్టిన హవాయిలు. తన చేతిలోని బూట్లకేసి చూశాడు. "రాజారత్నం లోపల ఉన్నాడయ్యా."

రాజారత్నం హెడ్ క్లర్కు వైపు చూశాడు. దశరథరామయ్య తన పెళ్లినాటి చెప్పులకేసీ, ప్రకాశం చెప్పులకేసీ చూసి, పైకప్పుకు పట్టిన బూజును పరిశీలించసాగాడు. బసవేశ్వరరావు గారికి మొహాలతో పరిచయం తక్కువ.

"పాపం, దూరం నుంచి వచ్చినట్టున్నాడు. ఆ బల్ల మీద కూర్చోబెట్టండి," అన్నాడు పెద్దసారు, బూట్లను జాగ్రత్తగా అరలో పెడుతూ. "రాజారత్నాన్ని మాత్రం ఇప్పుడు కదిలించకండి. పనిలో ఉన్నాడు."

రాజారత్నం సాయంత్రం దాకా బయట బల్ల మీద కూర్చున్నాడు. లోపల ఏ పనీ ఆగలేదు.