ఈరన్న మగ్గానికి మోటారు

బుధవారం పొద్దున ఈరన్న వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య సరోజమ్మ చేసిన ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తినాలి. చేయి కడుక్కొని కంప్యూటర్ ముందు కూర్చోవాలి. తాను మగ్గం నేస్తున్న వీడియోను మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి చూసుకోవాలి. ఇందులో తినే పని ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ఎమ్మిగనూరులో ముప్పై ఏళ్ళుగా మగ్గం నేస్తున్న మనిషి ఈరన్న. ఆయన నేసిన చీరలు ఎన్నో ఊళ్ళు తిరిగాయి గానీ ఆయన పేరు మాత్రం వీధి మలుపు దాటలేదు. చీర మీద ఎప్పుడూ అమ్మిన దుకాణం పేరే ఉండేది. ఇప్పుడు బెంగళూరులో పెద్ద చేనేత మేళా పెడుతున్నారు. ఊరికొకరిని ఎంచి, వాళ్ళ పేరే పెద్ద అక్షరాలతో బోర్డు మీద రాసి అంగడి ఇస్తారట. ఎంచడానికి హేమలత అనే అధికారి గురువారం వస్తోంది. ఆమెకు చీర చూపించాలి, దాన్ని చేతి మగ్గం మీదే నేసినట్టు వీడియో కూడా చూపించాలి. సోమవారమే మగ్గం మీంచి చీర కోసి మడత పెట్టేశారు. నిలువు దారాల కొత్త పడుగు అతకడానికి ఇంకా మూడు రోజులు పడుతుంది కాబట్టి మగ్గం బోసిగా ఉంది. తన పేరు బోర్డు మీద చూసుకునే భాగ్యమంతా పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫర్ తీసిచ్చిన పెన్‌ డ్రైవ్‌లోనే ఉందని ఈరన్నకు తెలుసు.

అందులో ఉన్నది మామూలు వీడియో కాదు, హెచ్‌డి. కంప్యూటర్ మాత్రం కూతురు వీణ డిగ్రీలో చేరినప్పుడు కొన్నది. ఆ పిల్ల చదువు ముగించి కర్నూలులో ఉద్యోగం చేస్తోంది. కంప్యూటర్ ఇంకా మొదటి ఏడాదిలోనే ఉంది.

ఈరన్న వీడియో పెట్టాడు. తెర మీది ఈరన్న దారపు కండె ఉన్న నాడెను విసిరాడు. నాడె సగం దారిలో నిలబడిపోయింది. శబ్దం మాత్రం దేనికోసమూ ఆగకుండా టకటకమని ఇల్లంతా మోగింది. రెండో నిమిషానికి బొమ్మ పూర్తిగా బిగుసుకుపోయింది. ఈరన్న చేతులు కట్టుకుని దిగులుగా చూస్తూ ఉండిపోయాడు.

సరిగ్గా అప్పుడే రెండు కండెలు బదులడుగుదామని పక్కింటి లక్ష్మప్ప వచ్చాడు. ఆయనా నేతగాడే. గుమ్మంలోంచి చూస్తే ఈరన్న వీపు కనబడింది గానీ దాని చాటున ఉన్న తెర కనబడలేదు. లోపల మగ్గం జోరుగా ఆడుతున్న మోత. సరోజమ్మ వాకిట్లో గిన్నెలు తోముతోంది. ఉన్నదే ఇద్దరు, ఇద్దరూ మగ్గం దగ్గర లేరు. లక్ష్మప్ప కండెల సంగతి మరిచి వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

"ఈరన్న మగ్గానికి మోటారు బిగించినాడప్పా! నా కళ్ళతో సూసినా!" అని టీ అంగడి దగ్గర చెప్పాడు. పన్నెండింటికల్లా మోటార్లు రెండయ్యాయి. భోజనాల వేళకు, ఫోనులో మీట నొక్కితే చీర తనంతట తానే మడత పడుతోందన్నారు. మోటారు మగ్గం మీద నేసి చేతి మగ్గమని చెప్పడం ఆ వీధిలో దొంగతనం కన్నా పెద్ద తప్పు.

ఆ సమయానికి ఈరన్న కంప్యూటర్ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని బస్సులో ఆదోనికి చేరుకున్నాడు. అక్కడ రిపేరు అంగడి కిరణ్ మూత విప్పి పెదవి విరిచాడు. "రెండు జీబీ ర్యామ్‌తో హెచ్‌డి యాడ ఆడతాదన్నా? ఎనిమిది ఏస్తా." వేశాడు. ర్యామ్ వేశాక హార్డ్ డిస్క్ నిదానమని తెలిసింది. అది మార్చాక వీడియో కార్డు లేని లోటు తెలిసింది. కార్డు పెట్టాక దానికి కరెంటు చాలదని, కరెంటిచ్చే పెట్టె కూడా మార్చాలని తేలింది. గోచీ కాపాడుకోవడానికి పిల్లిని, పిల్లి పాలకోసం ఆవును తెచ్చుకున్న సన్యాసి సంసారంలా ఉంది వ్యవహారం. ఆ మధ్యలో చేనేత సంఘం అధ్యక్షుడు మాదన్న ఫోన్ చేశాడు.

"ఈరన్నా, యాడుండావప్పా?"

"ఆదోనిలో ఉండానన్నా. స్పీడు సాలడం లేదని బాగుచేయిస్తాండాను."

"అయితే నిజమేనా! దేంతో నడుస్తాదప్పా అది?"

"కరెంటుతోనే గదన్నా. కరెంటు పెట్టె గూడా కొత్తది ఏయించినా."

"రేపు మేడమ్ వస్తాదని తెలిసి గూడానా?"

"ఆయమ్మ కోసమే గదన్నా ఈ తిప్పలన్నీ! రేపు ఆమె ముందర ఆగకుండా ఆడల్ల."

"శివశివా!" అని మాదన్న ఫోను పెట్టేశాడు. తన కష్టానికి ఆయన మనసు కరిగిందనుకున్నాడు ఈరన్న.

ఇన్ని మార్చినా, పరీక్షకని కిరణ్ పెట్టిన సముద్రం వీడియో రెండో నిమిషంలో అలను గాలిలోనే నిలబెట్టింది. కిరణ్ తల గోక్కుని అడుగున ఉన్న ఫ్యాను ఊడదీశాడు. దాని చుట్టూ పిడికెడు దూది. మగ్గం ఉన్న ఇంట్లో ఏళ్ళ తరబడి ఎగిరిన నుసంతా అక్కడే చేరి ఫ్యానును తిరగనివ్వడం లేదు. డబ్బా వేడెక్కి మొరాయిస్తోంది. ఈరన్న ఆ దూదిని వేళ్ళ మధ్య అలవాటుగా మెలిపెట్టి, "దీన్ని వడికితే నలభై నంబరు నూలొస్తాది" అన్నాడు. దూది తీశాక సముద్రం ఒడ్డుకొచ్చింది. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేనని ఇద్దరికీ అర్థమైంది. తీగలు కలపడానికి పొద్దున తానే మొదటి బస్సుకు వస్తానన్నాడు కిరణ్.

గురువారం పొద్దున కిరణ్ ఆఖరి తీగ కలుపుతుండగా హేమలత లోపలికి వచ్చింది. వెనకే మాదన్న, లక్ష్మప్ప, సగం వీధి. ఆమె చీర వైపు చూడనైనా చూడకుండా నేరుగా వెళ్ళి మగ్గం గుంతలోకి వంగి చూసింది.

"మోటారు లేదు. పడుగు కూడా లేదే?"

"మోటారుతో పాటే పీకేసినాడు మేడమ్!" అన్నాడు లక్ష్మప్ప. "నిన్న ఇంత డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆదోనికి పోయినాడు. బస్సులో అందరూ సూసినారు."

ముప్పై ఏళ్ళు గుంతలో కాళ్ళు పెట్టుకుని బతికినవాడికి, పేరు రాకముందే చెడ్డపేరు వచ్చింది. "నా మగ్గానికా? మోటారా?" అంటూ ఈరన్న మగ్గం కొయ్యను తడిమాడు.

"వీడియో వేయండి" అంది హేమలత.

కిరణ్ మీట నొక్కాడు. నాడె ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు, ఎక్కడా తడబడకుండా పరుగెత్తింది. దారం దారం విడివిడిగా కనబడింది. కాలు తొక్కిన ప్రతిసారీ మోత, మోత వచ్చిన ప్రతిసారీ నాడె విసిరే చేయి. ఆ మోత వినగానే లక్ష్మప్ప ముఖం మాడిపోయింది. "నిన్న నేనిన్నది దీన్నేనా?" అని నసిగాడు. మాదన్న దగ్గి, "కరెంటు పెట్టె దీనికేనా?" అన్నాడు. వీధంతా గొల్లున నవ్వింది. ఈరన్న ఛాతీ ఉప్పొంగింది.

అప్పుడు రెండో నిమిషం దాటింది. అక్కడి నుంచి ముందుకు ఆ వీడియోను అంతవరకు ఈరన్నతో సహా ఎవరూ చూసి ఉండలేదు. తెర అంచు నుంచి ఆకుపచ్చ గాజుల చేయి ఒకటి లోపలికి వచ్చింది. ఈరన్న మణికట్టు మీద చిన్న దెబ్బ వేసింది. తప్పుగా ఎత్తిన దారం తీసి, సరైనది ఎత్తింది. గుడ్డ మీద పువ్వు బుటా పడింది. తెర మీది ఈరన్న బుద్ధిగా నాడె విసిరాడు.

"ఆ చేయి ఎవరిది?" అంది హేమలత.

"మా ఇంటిదానిది మేడమ్. ఊరికే పక్కన కూర్చుంటాది. సాయం."

ఆ చేయి మళ్ళీ వచ్చింది. మళ్ళీ వచ్చింది. హేమలత వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "పదహారు బుటాలు. పదహారు సార్లూ ఆమే దారం ఎత్తింది." తలుపు చాటున గాజులను కొంగులో దాచుకుంటున్న సరోజమ్మ వైపు తిరిగింది. "ఈ బుటా ఎవరు గీశారమ్మా?"

"గీసేదేముంది మేడమ్, మనసులో ఉంటాది. ఆయప్పకు ఎన్నో దారమో గుర్తుండదు. నేనందిస్తా."

హేమలత నవ్వి కాగితం తీసింది. "మాకు నేతతో పాటు బుటా కూడా ముఖ్యం. బుటా ఎవరిదైతే బోర్డు మీద పేరు వాళ్ళదే. మీ పూర్తి పేరు చెప్పండి."

బోర్డు మీద తన పేరు ఉండదని ఈరన్నకు బాధ కలగలేదంటే అబద్ధం. కానీ తెర మీద ఆ చేయి ఇంకా కదులుతూనే ఉంది. కళ్ళెప్పుడూ గుడ్డ మీదే ఉండేవి కాబట్టి, అది అంత చకచకా, అంత అందంగా ఆడుతుందని ఆయన ముప్పై ఏళ్ళలో ఎన్నడూ చూడలేదు. పట్టరాని గర్వం వచ్చింది. తానే ముందుకు జరిగాడు.

"సరోజమ్మ అని రాయండి మేడమ్. అచ్చరాలు బాగా పెద్దగా రాయించండి. కళ్ళజోడు లేకున్నా ఆమెకు కనబడల్ల."

బెంగళూరు మేళాలో పెద్ద తెర మీద ఆ వీడియో ఒక్కసారి కూడా ఆగలేదు. మూడో రోజు మధ్యాహ్నానికే చీరలు అయిపోయాయి. చుట్టూ గుమిగూడిన జనంలో ఒకావిడ, వెనక స్టూలు మీద కూర్చున్న మీసాలాయన ఎవరని అడిగింది.

"మా ఇంటాయన" అంది సరోజమ్మ. "ఊరికే పక్కన కూర్చుంటాడు. సాయం."