నీలకంఠం మోసిన కుండ

ఆ ఆదివారం పొద్దున్న నీలకంఠం పెట్టుకున్న పని ఒక్కటే. కమ్యూనిటీ హాలుకు వెళ్లాలి, తాను చేసిన కుండను ఇంటికి తెచ్చుకోవాలి.

నీలకంఠం పోర్టులో గుమాస్తా. కాపురం కంచరపాలెంలో. కాపురమంటే ఆయనా, రెండు గదులూను. భార్య గౌరీశ్వరికి ఇచ్ఛాపురం తంతి ఆఫీసులో ఉద్యోగం. నెలకోసారి శనివారం రైలు దిగి, ఆదివారం సాయంత్రం మళ్లీ ఎక్కేస్తుంది. మే నెలలో అలాగే రైలు కదులుతుండగా, "అక్కడ నీళ్లు తాగితే గొంతు కాలతందండీ. ఒక మంచి కుండుంటే బాగున్ను" అంది. బజారులో కొని పంపితే సరిపోయేది. కానీ తాను లేని గదిలో ఆవిడ ఒంటరిగా నీళ్లు ముంచుకునే కుండను తన చేతులే చెయ్యాలని నీలకంఠానికి పట్టుకుంది.

హాల్లో ఆదివారాలు కుండలు చెయ్యడం నేర్పేవాడు తవిటయ్య, తాతల నాటి కుమ్మరి. నేర్చుకునేవాళ్లు ఏడుగురు ఆడవాళ్లూ, నీలకంఠమూ. ఐదు వారాలు సారె మీద ఆయన మట్టి నిలబడలేదు. చెయ్యి వెయ్యగానే ఒక పక్కకు ఒరిగి కూలిపోయేది.

"మట్టి నడిమికి రాలేదు బాబూ. తవరి మనసు ఎటు పోతే ఇదీ అటే పోతంది" అన్నాడు తవిటయ్య.

"ఇచ్ఛాపురం ఏ దిక్కు తవిటయ్యా?"

తవిటయ్య చూపించాడు. మట్టి సరిగ్గా అటే ఒరిగి ఉంది.

ఆరో వారం ఒకటి నిలబడింది. మెడ వంకర, పొట్ట ఒకవైపు ఎక్కువ. తవిటయ్య దాన్ని ఆరబెట్టి, ఆవంలో కాల్చి, ఇవాళ ఆయన చేతుల్లో పెట్టాడు.

హాలు దాటగానే వాన అందుకుంది. కాల్చిన కుండకు వానతో భయం లేదని కూడా తోచక, నీలకంఠం చొక్కా విప్పి దానికి చుట్టి, భుజాన ఎత్తుకుని నడిచాడు. ఒంటి మీద తడిసిన పంచె ఒక్కటే మిగిలింది.

వీధి మొదట్లో అరుగు మీద కూర్చున్న ఆదిలక్ష్మమ్మ ఆ వాలకం చూసి గుండె పట్టుకుంది. తడి పంచెతో, భుజాన కుండతో మగవాడు నడిచేది శ్మశానానికే.

"ఎవులికి బాబూ?"

"మా ఆవిడకే అత్తా. గౌరీశ్వరికి."

"అయ్యో! పనంతా అయిపోనాదేటి?"

"ఇయాల పొద్దున్నే అయిపోనాది. బాగా కాలింది. ఎక్కడా పచ్చి లేదు."

"ఈదిలో ఒక్కరికైనా సెప్పలేదేటయ్యా!"

"ఎవులికీ సెప్పలేదత్తా. ఆవిడకే తెలీదు" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు నీలకంఠం.

దుఃఖానికి మతి పోయిందనుకుంది ఆదిలక్ష్మమ్మ. ఎదుటి దుకాణంలోని టైలరు జలీల్ని పిలిచి, నీలకంఠం ఇంట్లో పోయారని ఆఫీసువాళ్లకు చెప్పమంది. ఆదివారం గనక జలీల్ సైకిలెక్కి ద్వారకా నగర్ వెళ్లి, ఆఫీసులో నీలకంఠం స్నేహితుడైన శ్రీరామ్మూర్తికి ఇంటి దగ్గరే ఆ మాట చెప్పాడు. ఆ ఇంట్లో ఉండేదే ఒక్కడు గదా అని శ్రీరామ్మూర్తి లెక్కవేసుకున్నాడు. ఏడుస్తూనే ఇచ్ఛాపురానికి తంతి కొట్టించాడు. 'నీలకంఠం పోయాడు. వెంటనే రా.' తరవాత పూలదండ కొన్నాడు.

నీలకంఠం పెరట్లో కుండను నీళ్లలో నానబెడుతుంటే వీధి తలుపు దబదబా మోగింది. తెరిచేసరికి ఇరవై మంది.

"గౌరీశ్వరీ! ఎలిపోనావా తల్లీ!" అని ఆదిలక్ష్మమ్మ శోకం అందుకుంది.

ఇచ్ఛాపురం నుంచి కబురొచ్చిందనుకున్నాడు నీలకంఠం. గడప మీద కూలబడ్డాడు. ఆవిడ ఒక్కసారైనా నీళ్లు ముంచుకోలేదే అనుకున్నాడు. అంతకు మించి ఏమీ తోచలేదు.

అప్పుడే రిక్షా దిగిన శ్రీరామ్మూర్తి చేతిలోంచి దండ జారిపోయింది. "నువ్వు బతికే ఉన్నావేటి బావా?"

"పోనాది నాను కాదు బావా. మా ఆవిడంట" అని నీలకంఠం బావురుమన్నాడు.

"మరి నువ్వు పోనావని నాను ఆవిడికే తంతి కొట్టించీసినాను గదా!"

ఎవరు చెప్పారంటే ఎవరని ఆరా మొదలయింది. శ్రీరామ్మూర్తి జలీల్ని చూపించాడు. జలీల్ ఆదిలక్ష్మమ్మను చూపించాడు. ఆదిలక్ష్మమ్మ నీలకంఠాన్నే చూపించింది. "బాగా కాలిందని నువ్వే గదేటయ్యా సెప్పినావు!"

నీలకంఠం అదే తడి పంచెతో తంతి ఆఫీసుకు పరిగెత్తాడు. ఆదివారం కావడంతో అప్పటికే మూసేశారు.

సోమవారం తెల్లవారేసరికి ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. రైలు దిగిన గౌరీశ్వరి కళ్లు నిద్ర లేక ఎర్రబడి ఉన్నాయి. ఆయన్ను చూసి అరవలేదు, తూలలేదు. దగ్గరకొచ్చి చెయ్యి పట్టుకుని, వేడిగా ఉందో లేదో చూసి, వేళ్లు తిప్పి చూసింది.

"ఈ గోళ్లలో ఏటిది?"

"మట్టి. నీకు కుండ సేసినాను."

రాత్రంతా రాని ఏడుపు ఆవిడకు అప్పుడొచ్చింది. "నిన్న డూటీ నాదే. ఆ తంతి నా సేతులతోనే రాసుకున్నానండీ. ఒక్కో అచ్చరం" అంది.

ఆవిడ ఏడుపు ఆగేదాకా నీలకంఠం చెయ్యి వదల్లేదు. తరవాత భయంభయంగా, "మరి మళ్లీ ఏ రైలుకి ఎలిపోతావు? నాను బతికున్నానని మీ పోస్టుమాస్టరుకి సెప్పాలి గదా" అన్నాడు.

గౌరీశ్వరి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సెప్తాను. ఆయన పన్నెండ్రోజులు సెలవిచ్చినారు. అవయ్యాక సెప్తాను."

పదకొండేళ్ల కాపురంలో భార్యతో వరసగా పన్నెండు రోజులు గడపడానికి నీలకంఠం ఒకసారి పోవలసి వచ్చింది.