మూడు సుత్తెలు, ఒక నెత్తి

సోమవారం పొద్దున్నే మేడ్చల్ బజారుకు వెళ్లి ఒక మంచి సుత్తె కొనుక్కుని, అన్నం వేళకు ఇంటికి తిరిగి రావాలన్నది దానియేలు ఆలోచన. ఆ రోజు అతనికి వేరే పనేమీ లేదు.

దానియేలుది అత్వెల్లి. మిషనువాళ్ల పనిబడిలో వడ్రంగం నేర్చుకుని, పదేళ్లుగా మంచాలు, పీటలు, తలుపులు చేస్తున్నాడు. ఇంటి కప్పు మాత్రం ఒక్కటీ వేయలేదు. అలాంటివాడికి అలియాబాద్ చర్చి కప్పు పని వచ్చింది. యుద్ధం నడిచినన్నాళ్లూ ఇనుము దొరక్క గోడల దగ్గరే ఆగిపోయిన చర్చి అది. వానలు పడేలోగా, అంటే శనివారానికల్లా వాసాలు ఎక్కాలని, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటామని సంఘ పెద్దలు చెప్పారు.

ఆ ఇంకొకరు ఎవరో అందరికీ తెలుసు. మేడ్చల్‌లో వెంకటనర్సయ్యను మించిన వడ్రంగి లేడు. పని తనకు రాలేదని తెలిసిన రోజు ఆయన నలుగురిలో, "పీటలు జేసెటోడు కప్పేస్తే, గా కప్పు గూడ పీట లెక్కనే ఉంటది," అన్నాడు. దానియేలు విని నవ్వి ఊరుకున్నాడని జనం చెప్పుకున్నారు. నిజానికి అతనికి రెండు రోజులు అన్నం సహించలేదు.

ఇంట్లో ఉన్న సుత్తె పీటలకు సరిపోయేది. వాసాలకు జానెడు మేకులు కొట్టాలంటే బరువైన తల, పొడుగు పిడి కావాలి. మేకు వంగితే పీకడానికి వెనక రెండు పళ్లుండాలి. భార్య సారమ్మ జొన్న రొట్టెలు మూటగట్టి ఇస్తూ, సుత్తె కొనడానికి పొద్దంతా పట్టకూడదని మరీమరీ చెప్పింది. పడుతుందని ఆమెకూ తెలుసు, అందుకే రెండు రొట్టెలు ఎక్కువ పెట్టింది.

బజారులో గాలయ్యది ఇనుప సామాన్ల కొట్టు. కొత్తగా వచ్చిన సరుకులో పదకొండు సుత్తెలున్నాయి. దానియేలు ఒక్కొక్కటే అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. పిడిని కంటికి ఆనించి వంకర ఉందేమో చూశాడు. వేలి మీద నిలబెట్టి తూకం చూశాడు. ఆ తర్వాత గాలిలో ఊపడం మొదలుపెట్టాడు. రెండోసారి ఊపినప్పుడు సుత్తె గాలయ్య చెవి పక్కనుంచి పోయింది. గాలయ్య పదకొండు సుత్తెలూ గంపలో వేసి, అతన్ని కొట్టు వెనక పెరట్లోకి పంపించాడు.

పనిచేసేటప్పుడు తనలో తాను మాట్లాడుకోవడం దానియేలుకు అలవాటు. సరిగ్గా అప్పుడే తాడు కొనడానికి వచ్చిన పర్వతాలు అనేవాడు గోడకు ఇవతల నిలబడ్డాడు. ఈ పర్వతాలు వెంకటనర్సయ్య ఇంటి పక్కనే ఉంటాడు. గోడ మీదుగా అతనికి వినిపించింది ఇది:

"నెత్తి నడిమిట్లనే వడాలె. ఒక్క దెబ్బకు సగం దిగాలె, ఇంకో దెబ్బకు ఖతం. ఊఁ, గిది తేలికగుంది, గిట్లయితే నాలుగైదు కొట్టాల్సొస్తది. సరిగ్గ వడితే వెంకటనర్సయ్య ఇగ జన్మల నోరెత్తడు."

పర్వతాలు తాడు సంగతి మరిచిపోయాడు. తిన్నగా వెంకటనర్సయ్య ఇంటికి పోయి, ఆయన భార్య రుక్కమ్మకు విన్నది విన్నట్టు చెప్పాడు. దారిలో కనిపించిన ముగ్గురు నలుగురికి కూడా చెప్పాడు. వాళ్లు బజారుకు చేరేసరికి దానియేలు పదకొండు సుత్తెలు కొన్నాడని, ఒక్కో వారం ఒక్కొక్కరి వంతని మాట పుట్టింది. రుక్కమ్మ తలుపు గడియ పెట్టింది. భర్తను కూర్చోబెట్టి, ఆయన తలకు ఇంట్లో ఉన్న రెండు ధోవతులూ తన పాత చీరా వరసగా చుట్టింది. వెంకటనర్సయ్య తల పెద్ద గుమ్మడికాయంత అయింది. ఎండాకాలం కావడంతో ఆయన లోపల ఉడికిపోయాడు. పీటల మాట అనకుండా ఉండాల్సిందని మొదటిసారి అనిపించింది.

అక్కడ పెరట్లో దానియేలు మూడు సుత్తెల దాకా వచ్చి ఆగిపోయాడు. ఒకదాని తల బాగుంది. ఒకదాని పిడి చేతిలో ఒదిగింది. మూడోది చూడడానికి ముద్దుగా ఉంది. వాసాల మీద నిలబడి కొట్టినవాడికే వీటి తేడా తెలుస్తుంది. ఆ చుట్టుపక్కల అలాంటివాడు ఒక్కడే. అడిగితే నవ్వుతాడు, నలుగురిలో మళ్లీ అంటాడు. దానియేలు రెండు రొట్టెలు తిన్నంతసేపు ఆలోచించాడు. తన పరువు కంటే చర్చి కప్పు పెద్దదనిపించింది. చూపించి తెస్తానని గాలయ్యకు చెప్పి, మూడు సుత్తెలూ భుజాన పెట్టుకుని బయలుదేరాడు.

వీధిలో జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఒకాయన గబగబా దండం కూడా పెట్టాడు. చర్చి పని వచ్చాక తనకు ఇంత గౌరవం పెరిగిందా అని దానియేలు లోలోపల సంతోషించాడు. వెంకటనర్సయ్య ఇంటి ముందుకు వచ్చేసరికి అతని వెనక ముప్పై మంది ఉన్నారు.

"అన్నా, జర బయటికి రా," అని తలుపు తట్టి, సుత్తెలు గుమ్మం ముందు వరసగా పరిచాడు. "మూడు తెచ్చిన. ఏది మంచిగ పనిజేస్తదో నువ్వే జెప్పాలె."

లోపల, ఏది విరుగుతుందో అదే మంచిదని చెప్పమని రుక్కమ్మ భర్త చెవిలో, అంటే చెవి ఉంటుందనుకున్న చోట, గుసగుసలాడింది. వెంకటనర్సయ్యకు ఆ సలహా నచ్చింది. తలుపు సందులోంచి చూశాడు. నడుమ ఉన్న ముద్దు సుత్తె పిడిలో కట్టె నార అడ్డంగా పోయింది. పది దెబ్బలకు విరుగుతుంది. అది తీసుకొమ్మని చెప్పడానికి నోరు తెరిచాడు. కాని నలభై ఏళ్లుగా కట్టె పని చేసిన నోరది, ఆ అబద్ధం అందులోంచి రాలేదు.

"నడిమిది పారెయ్," అన్నాడు చివరికి నీరసంగా. "దాని నార అడ్డం బోయింది. ఎడమ దిక్కుది ముందుకు తూగుతది, మీద నిలవడితే నిన్ను గూడ గుంజుకపోతది. కుడి దిక్కుది తీస్కో, తమ్మీ. పిడి చివర్ల వట్టి కొట్టు, బలం అదే ఇస్తది." ఆ తర్వాత కళ్లు మూసుకున్నాడు.

దానియేలు కుడివైపు సుత్తెను చేతిలోకి తీసుకుని మెల్లగా ఒకసారి ఊపాడు. దాని తూకం ఇప్పుడు అర్థమైంది. తక్కిన రెండూ గడప పక్కన పెట్టాడు.

"నీ మేలు మరువ, అన్నా," అన్నాడు. "నువ్వన్నది అబద్ధం గాదు. కప్పు పని నాకు రాదు. వాసమెక్కాలంటె కాళ్లు వణుకుతున్నయి. రేపు అలియాబాద్ వచ్చి జర నా పక్కన నిలవడుతవా?"

గడియ తీసిన చప్పుడైంది. గుమ్మంలో వెంకటనర్సయ్య తలపాగా పట్టక కాస్త వంగి నిలబడ్డాడు. చెమట గడ్డం మీదుగా కారుతోంది. దానియేలు గాభరాపడి, నెత్తికేమైందని అడిగాడు.

"ఎండకు," అన్నాడు వెంకటనర్సయ్య.

మంగళవారం ఆయన అలియాబాద్ వచ్చాడు. ముందు కింద నిలబడి చూసిపోతానన్నాడు. మొదటి మేకు వంగగానే తిట్టుకుంటూ నిచ్చెన ఎక్కాడు. మళ్లీ శుక్రవారం సాయంత్రమే దిగాడు. వాసాలన్నీ ఒక్క వరసలో నిలిచాయి. చిట్టచివరి జానెడు మేకును దానియేలు రెండే దెబ్బలకు దింపాడు. వెంకటనర్సయ్య దాని మీద బొటనవేలు రుద్ది చూసి, తన సుత్తె సంచిలో వేసుకున్నాడు. సంఘ పెద్దలు బడి కప్పు పని కూడా ఉందని, దాన్ని ఇద్దరూ కలిసే చేయాలని చెప్పారు.

తర్వాతి సోమవారం ఇద్దరూ కలిసి ఒక మంచి రంపం ఎంచుకోవడానికి మేడ్చల్ బజారుకు వచ్చారు. ఆ రోజు ఊళ్లో చాలా మంది ఇల్లు కదలలేదు.