మొసలిబండ మీద పన్నెండో గీత

ఒక పెద్ద అడవిలో పులి రాజ్యం చేస్తోందని అందరూ అనుకునేవారు, పులితో సహా. నిజానికి ఆ అడవిని ఏలింది ఒక కొండముచ్చు. పేరు తోకరాయుడు. మద్దిచెట్టు చిటారుకొమ్మ మీద కూర్చుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కేక వేసేవాడు. ఆ కేకే ఆ రోజుకు వార్త.

ఈ ఏర్పాటు తాతలనాటిది. కొండముచ్చులు పైనుంచి చూసి చిరుత వస్తోందని అరిచేవి. పొదల్లో నక్కిన చిరుతను కింద జింకలు వాసన పట్టేవి. ఒకరి కళ్లు, ఒకరి ముక్కు కలిస్తేనే రెండు జాతులూ బతికి బట్టకట్టాయి. పైగా కొండముచ్చులు కొరికి పారేసిన చిగుళ్లు జింకలకు మేత. మేత పడేసేవాడి మాట నమ్మడం ఎవరికైనా అలవాటే కదా!

తోకరాయుడి హయాంకి వచ్చేసరికి చిరుత ఏ నెలకో ఒకసారి కనిపించేది. కేక మాత్రం రోజూ పడాలి. అందుకని అతను చెట్టు కింద ఎన్ని తలలు పైకి లేస్తున్నాయో చూసుకునేవాడు. ఏ కేకకు ఎక్కువ తలలు లేస్తే మర్నాడు దానికే ఇంకాస్త మసాలా దట్టించేవాడు.

అదే అడవిలో ఒక మడుగు. అందులో డిప్పయ్య అనే ముసలి తాబేలు. మడుగు ఒడ్డున మొసలి పడుకున్నట్టుండే రాయి ఒకటి ఉంది, దాన్ని మొసలిబండ అంటారు. ఏటా ఎండాకాలంలో నీరు ఎక్కడిదాకా దిగిందో చూసి ఆ బండ మీద గోటితో గీత గీయడం డిప్పయ్య పని. పదకొండేళ్లుగా గీస్తున్నాడు. "ముసలాడికి పనీపాటా లేదు" అని కప్పలు నవ్వేవి. ఆయన పట్టించుకునేవాడు కాదు.

పన్నెండో ఏడు మోదుగుపూలు రాలకముందే నీరు పదకొండో గీత కిందికి దిగిపోయింది. వానలు పడేదాకా అడవికంతటికీ ఆ మడుగే దిక్కు.

"ఏం తాతా, బండతో ముచ్చట్లా?" అంటూ చుక్కమ్మ వచ్చింది. చుక్కల జింక, తొలిచూలు తల్లి. వెనకాల పది రోజుల పిల్ల తడబడుతూ నడుస్తోంది.

"నీళ్ల సంగతి చూస్తున్నానమ్మా."

"నీళ్లకేమైంది?"

డిప్పయ్య పిల్ల వంక చూశాడు. చెప్పబోయి ఆగాడు. "కొలవడం నా పని తల్లీ. చెప్పడం తోకరాయుడి పని. రేపు కేక వేస్తాడు, విను."

ఇంతా చేసి ఆయన చేసిన తప్పు ఇదొక్కటే. అది చాలు.

మద్దిచెట్టు దాకా నడవడానికి డిప్పయ్యకు ఒక పూట పట్టింది. రొప్పుతూనే చెప్పాడు. "తోకరాయా, జాగ్రత్తగా విను. వానలు పది రోజులు ఆలస్యమై, పందులు ఇలాగే బురదలో పొర్లుతుంటే, చివరి పదిహేను రోజులూ నీళ్లు చాలకపోవచ్చు. ఇప్పటినుంచే వంతులేసుకుని తాగితే గండం గట్టెక్కుతుంది."

తోకరాయుడు ఆవులించాడు. "మడుగు ఎండుతుందా, ఎండదా? ఒక్క ముక్కలో చెప్పండి డిప్పయ్యగారూ."

"ఒక్క ముక్కలో చెబితే అబద్ధమవుతుంది నాయనా."

"పోనీ ఏ రోజు ఎండుతుందో చెప్పండి."

"రోజు నాకెలా తెలుస్తుంది? తెలిసినంతే చెప్పాను."

"మీ 'ఆలస్యమైతే'లకీ 'చాలకపోవచ్చు'లకీ ఒక్క తల కూడా లేవదండీ. సర్లెండి, మీరు ఇంటికి పదండి. మిగతాది నేను చూసుకుంటాగా!"

డిప్పయ్య సగం దారి కూడా రాలేదు. వెనకనుంచి కేక వినిపించింది. "మడుగు మాయం! ఏడు రోజులే గడువు! తాబేలు బయటపెట్టిన భయంకర రహస్యం!"

అడవి అడవంతా మడుగు మీద పడింది. దాహం ఉన్నవాళ్లు తాగారు, లేనివాళ్లు మళ్లీ దొరకదేమోనని తాగారు. ఏనుగులు తొండాలు నింపుకుని వెళ్లి, ఒంపుకుని, మళ్లీ వచ్చాయి. ఇదే ఆఖరి స్నానమంటూ పందులు పిల్లాజెల్లాతో దిగి సాయంత్రందాకా లేవలేదు. డిప్పయ్య వచ్చేసరికి పది రోజుల నీళ్లు ఒక్క రోజులో పోయాయి.

"వంతులర్రా! వంతులేసుకోండి!" అని అరిచాడు పాపం. తాబేలు అరుపు ఎంత దూరం పోతుంది?

ఏడు రోజులు గడిచాయి. మడుగు అడుగంటలేదు, బురదతోనైనా నిలబడింది. ఎనిమిదో రోజు పొద్దున్నే తోకరాయుడు కొత్త కేక అందుకున్నాడు. "తాబేలు జోస్యం తుస్సు! అడవిని ఎందుకు బెదరగొట్టినట్టు? ఇవాళ సాయంత్రం మద్దిచెట్టు కింద తేల్చేద్దాం!"

చర్చకు డిప్పయ్యను ఒకవైపు కూర్చోబెట్టారు. రెండోవైపు గురవయ్య అనే ఎలుగుబంటి. అతనికి పుట్టతేనె, ఇప్పపువ్వు తప్ప మరో శాస్త్రం తెలియదు. గొంతు మాత్రం కంచు.

"మాకు పక్షపాతం లేదు" అన్నాడు తోకరాయుడు. "ఇద్దరికీ సమాన అవకాశం. నా తోక పదిసార్లు ఊగేలోపు మాట ముగించాలి. డిప్పయ్యగారూ, కానివ్వండి."

డిప్పయ్య డిప్పలోంచి మెడ బయటికి తీసి, గొంతు సవరించుకుని, "పదకొండేళ్ల కిందట నేను మొదటి గీత..." అనేసరికి తోక పదిసార్లూ ఊగిపోయింది.

గురవయ్య లేచాడు. "మా తాత తాగాడు. మా అయ్య తాగాడు. నేను తాగుతున్నా. ఎండిందా? ఎండలా! గీతలు చూసి నీళ్లు పారిపోతాయంటయ్యా?"

అడవి పగలబడి నవ్వింది. అన్ని తలలు ఒక్కసారి లేవడం తోకరాయుడు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆనందం పట్టలేక ముగింపు పలికాడు. "ఒకరు ఎండుతుందన్నారు, ఒకరు ఎండదన్నారు. నిర్ణయం మీదే!"

ఎండదని అడవి నిర్ణయించింది. ఆ సంగతి మడుగుకు మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆపైన పందులు రెండు పూటలా పొర్లాయి. రోహిణి ఎండలు రోళ్లు పగలగొట్టాయి. తొలకరి రావలసిన రోజు వచ్చింది, తొలకరి రాలేదు. మడుగు గుంటయింది, గుంట చెంబెడు బురదయింది. చేపలు తేలాయి. తోకరాయుడు ఆ రోజుల్లో రెండు నెమళ్ల తగువు గురించి కేకలు వేస్తున్నాడు. దానికి తలలు బాగా లేస్తున్నాయి మరి.

డిప్పయ్య ఇక ఆగలేదు. ఈసారి మద్దిచెట్టు వైపు చూడను కూడా చూడకుండా, కాలే నేల మీద రోజంతా పాకి, చుక్కమ్మ ఉండే వెదురుపొద దగ్గరికి వెళ్లాడు. పిల్ల డొక్కలు ఎండి నేల మీద పడుకుని ఉంది. తల్లి దాని మూతి నాకుతోంది.

"తల్లీ, ఇక్కడ ఇంకో నాలుగు రోజులు తడి ఉంటుందేమో, ఉండదేమో. తూర్పుగుట్ట అవతల నేను పుట్టిన వాగుంది. ఇసుక కాళ్లతో తవ్వితే చెలమ ఊరుతుంది. బయల్దేరు."

"మడుగు ఎండడం ఖాయమేనా తాతా?"

"ఖాయమని చెప్పలేను. నా బిడ్డే అయితే ఇప్పుడే కదిలేవాణ్ణి."

చుక్కమ్మ పిల్ల వంక చూసింది. "ఈ ఒక్క మాట ఆ రోజు ఒడ్డునే నాతో అని ఉంటే, దానికి కాళ్లలో సత్తువ ఉన్నప్పుడే తీసుకెళ్లేదాన్ని కదా!"

డిప్పయ్య సిగ్గుతో తల డిప్పలోకి లాక్కున్నాడు. పన్నెండేళ్లు నీళ్లు కొలిచాడు, ఆ నీళ్లు తాగే పిల్లతల్లికి మాత్రం ఒక మాట చెప్పలేకపోయాడు.

చుక్కమ్మ పిల్లను మూతితో నెట్టి లేపి తూర్పుకు నడిచింది. ఆమెను చూసి అక్క, అక్కను చూసి అత్త, చివరికి మందంతా కదిలింది.

మర్నాడు తోకరాయుడు కేక వేసి కిందికి చూస్తే ఒక్క తలా లేదు. "జింకల ద్రోహం!" అన్నాడు. "పారిపోయిన పిరికిపందలు!" అన్నాడు. గొంతు చించుకున్నాడు. ఎండుటాకులు తప్ప ఏవీ కదల్లేదు.

కదిలింది ఒక్కటే. జింకలు దొరక్క పస్తున్న చిరుత. అది మద్దిచెట్టు మొదలుదాకా వచ్చినా వాసన పట్టే ముక్కు ఒక్కటీ లేదు. పైనున్న కళ్లేమో తలల కోసం దూరంగా వెతుకుతున్నాయి.

"చిరుత! నిజంగా చిరుత!"

మడుగు అడుగున బురదలో తలదాచుకున్న డిప్పయ్యకు ఆ కేక వినపడింది. ఉప్పూకారం వేయకుండా, చూసింది చూసినట్టు తోకరాయుడు చెప్పిన మొదటి వార్త అది. ఆ తర్వాత మళ్లీ ఆ గొంతు వినపడలేదు.

వానలు పదకొండు రోజులు ఆలస్యంగా పడ్డాయి. డిప్పయ్య పైకి వచ్చి, మొసలిబండ అట్టడుగున పన్నెండో గీత గీశాడు. జింకలు తిరిగి వచ్చాయి. చుక్కమ్మ పిల్ల ఆ ప్రయాణంలో దెబ్బతిన్న ముందుకాలు ఈడుస్తూ నడుస్తోంది గానీ, నడుస్తోంది.

మద్దిచెట్టు మీద కొత్త కొండముచ్చు కొలువుదీరాడు. "డిప్పయ్యగారూ! వచ్చే ఏడు నీళ్లుంటాయా, ఉండవా? ఒక్క ముక్కలో!" అని పైనుంచే అడిగాడు.

డిప్పయ్య వినిపించుకోలేదు. చెప్పవలసిన మాట చుక్కమ్మతోనే చెబుదామని మెల్లగా వెదురుపొద వైపు నడక సాగించాడు. ఆయన సగం దారిలో ఉండగానే చెట్టు మీదినుంచి కేక వినిపించింది. "తాబేలు మౌనం! దాని వెనక దాగిన రహస్యం ఏమిటి?"

అడవిలో తలలన్నీ పైకి లేచాయి.

నీతి: మడుగు కొలిచేవాడిని వదిలేసి కేక వేసేవాడినే నమ్ముకోండి, దాహమేసినప్పుడు ఆ కేకనే తాగొచ్చు.