కంటకయ్య సగటు

ఒక పెద్ద అడవిలో, మేతమేసే ప్రాణులన్నీ నాకి బతికే ఉప్పుగని ఒకటి ఉండేది. అది జాతీయ గని, అంటే అందరిదీ. అందరిదీ కాబట్టి ఎవరూ పట్టించుకునేవారు కాదు, నక్క తప్ప. నక్క దానికి ఛైర్మన్.

గనిలో వంద పందికొక్కులు తవ్వేవి. కాపురాలు కూడా ఆ బొరియల్లోనే. రోజుకు తలా రెండు దుంపగడ్డలు కూలి. నక్కగారికి వంద. నక్క గడ్డలు తినదు కదా అంటారేమో, జీతం తినడానికేనని ఎవరన్నారు?

ఈ లెక్కలన్నీ రాసేది కంటకయ్య అనే ఏదుపంది. కలం కావలసినప్పుడల్లా వీపుమీంచి ఒక ముల్లు పీక్కునేవాడు. పన్నెండేళ్ళుగా పీకీ పీకీ వీపు సగం బోడి అయింది గానీ ఉద్యోగం మాత్రం ఇంకా టెంపరరీయే. కూలి నాలుగు గడ్డలు. ఎప్పటికైనా పర్మనెంటు కావాలి, పెళ్ళాం చేత ఒక్కసారి 'ఆఫీసరుగారూ' అనిపించుకోవాలి. అదొక్కటే అతని ఆశ.

చెప్పుకుంటే సిగ్గుచేటు, కంటకయ్య గని లోపల ఎలా ఉంటుందో చూడలేదు. చేరిన కొత్తలో ఒకసారి దిగబోయి, ముళ్ళు గుచ్చుకుని సొరంగంలో బిరడాలా ఇరుక్కుపోయాడు. పోలమ్మ అనే పందికొక్కు తనవాళ్ళందర్నీ కూడగట్టి మూడు రోజులు లాగితే ఊడొచ్చాడు. అప్పట్నుంచి గని గుమ్మంలో ఇసుక పోయించి, సాయంత్రం దానిమీద పడ్డ అడుగులు లెక్కపెట్టి, నాలుగుతో భాగించి, అదే ఉపాధి అని రాసేవాడు. వచ్చిన అడుగా, పోయిన అడుగా అన్నది చూసేవాడు కాదు. ఫారంలో ఆ గడి లేదు మరి.

ఒక ఏడు నక్క అతన్ని పిలిపించింది.

"కంటకయ్యా, రాజుగారికి ఆదాయం పెరగాలిట. ఉపాధీ పెరగాలిట. గడ్డలు మాత్రం ఒక్కటీ పెరగకూడదుట. ఉపాయం చూడు. నీ పర్మనెంటు కాగితం నా బల్లమీదే ఉంది."

కంటకయ్య మూడు ముళ్ళు అరగదీశాడు. నాలుగో ముల్లుకి తట్టింది. మొత్తం గడ్డల్ని మొత్తం తలలతో భాగిస్తే సగటు ఇంచుమించు మూడు. రెండు గడ్డలవాళ్ళలో యాభై తలలు తీసేస్తే? అమ్మమ్మా, నాలుగు! ఎవరికీ గోరంత ఎక్కువివ్వకుండానే ఆదాయం పెరిగిపోతోంది!

"నా బుర్రకి దిష్టి తియ్యాలి," అనుకున్నాడు.

యాభై పందికొక్కుల్ని పొమ్మన్నారు. తవ్వకానికి ఏనుగును పెట్టారు. ఏనుగుది కాంట్రాక్టు గనుక, ఎంత పెద్ద తలైనా లెక్కలోకి రాదు. పోయే పందికొక్కులు తట్టాబుట్టా నెత్తిన పెట్టుకుని, పిల్లాజెల్లాతో నాలుగేసి సార్లు తిరిగాయి. సాయంత్రం ఇసుక చూసి కంటకయ్య కళ్ళు తిరిగాయి. ఉపాధి మూడింతలు! వాళ్ళు ఏడుస్తూ పోవడం తన కళ్ళతోనే చూశాడు, కానీ లెక్క ముందు కళ్ళెంత?

ఆదాయమూ ఉపాధీ పెరిగాయని అడవంతా దండోరా వేశారు. మర్నాడు పోలమ్మ గుమ్మంలో నిలదీసింది.

"ఏమయ్యా, మా ఇంట్లో నలుగురం తవ్వేవాళ్ళం. ఇప్పుడు నేనొక్కదాన్నే. ఆదాయం పెరిగిందంటున్నారే, ఎవరికి పెరిగింది?"

"సగటున పెరిగిందమ్మా."

"ఆ సగటుగారి ఇల్లెక్కడో చెప్పు నాయనా, పిల్లల్ని తీసుకెళ్ళి గుమ్మంలో కూచుంటాను."

కంటకయ్య ఆమె చేతులవైపు చూశాడు. తనని లాగిన చేతులవి. అయినా బల్లమీద కాగితం గుర్తొచ్చి, తల వంచుకుని ఇసుక సరిచేశాడు.

మరుసటి ఏడు మిగిలిన యాభై కూడా పోయాయి, పోలమ్మతో సహా. గనిలో జీతగాళ్ళు ఇక ఇద్దరే, నక్కా తనూ. సగటు యాభై రెండు! రాజుగారు పూలదండ పంపారు. కంటకయ్య ఆ దండతోనే నక్క దగ్గరికి పరిగెత్తాడు.

"అయ్యా, నా పర్మనెంటు..."

"ఇంకొక్క ఏడు ఓపిక పట్టు. రాజుగారు వంద సగటు అడుగుతున్నారు. నీకదెంతలో పని?"

పొగిడితే పొంగిపోయే జాతి కదా మనది! కంటకయ్య వీపుమీద మిగిలిన ఆఖరి ముల్లు పీకాడు. గడ్డలు నూట నాలుగు, తలలు రెండు. వంద గడ్డల తల తీస్తే సగటు నాలుగు. ఛీ, పనికిరాదు. నాలుగు గడ్డల తల తీస్తే... వంద! కచ్చితంగా వంద! గంతేసి కింద సంతకం పెట్టేశాడు. ఆ నాలుగు గడ్డల తల ఎవరిదో తట్టేసరికి సిరా ఆరిపోయింది.

నక్క కాగితం చదివి కళ్ళు తుడుచుకుంది. "లెక్కా నీదే, సంతకమూ నీదే. కాదనడానికి నేనెవర్ని?"

కంటకయ్య సంచీ భుజాన వేసుకుని ఇసుక దాటాడు. బయట పోలమ్మ రాళ్ళ మధ్య అడవిగడ్డ కోసం తవ్వుకుంటోంది. బోడివీపుతో వస్తున్న అతన్ని ఎగాదిగా చూసింది.

"ఇంతకీ సగటు ఎంతైందయ్యా?"

"వంద, పోలమ్మా," అన్నాడు కంటకయ్య.

పోలమ్మ దొరికిన ఒక్క గడ్డనీ విరిచి సగం అతని చేతిలో పెట్టింది.

అది నములుతూ కంటకయ్య వెనక్కి తిరిగి చూశాడు. ఇసుకమీద తన అడుగులు ఎనిమిది. నాలుగుతో భాగించాడు.

"చూశావా పోలమ్మా," అన్నాడు, కాస్త గర్వంగానే, "ఇవాళ గనిలో కొత్తగా ఇద్దరికి ఉద్యోగాలొచ్చాయి."

నీతి: లెక్క చక్కగా కుదరాలంటే, అందులోంచి ముందు మనం తప్పుకోవాలి.